చీరతో దిగకూడని నీళ్ళు

శనివారం తెల్లవారుజామున ఐదు గంటలకు మడకశిర బస్టాండులో హిందూపురం బస్సు ఎక్కాం. నేను, నా కొడుకు రామాంజి, కోడలు సరోజ, వాళ్ళ చిన్నకూతురు పద్మ. యలహంకలో సరోజ పిన్నమ్మ వాళ్ళ గృహప్రవేశం అని రామాంజి చెప్పాడు. అందుకని సంచిలో ఆకూ వక్కా, రవికె గుడ్డ, మా చేనిలో పండిన చెనిక్కాయలు పెట్టుకున్నాను. దారిలో తినడానికి రాగి రొట్టెలు, చట్నీ. బయట కొని తినడం నాకు గిట్టదు.

ఆ ప్రయాణంలో నాకు ఇంకో పని కూడా ఉంది. పెద్ద మనవరాలు నాగవేణి బెంగుళూరులో హోటల్ ఉద్యోగానికని పోయి ఏడాది దాటింది. ఏం పని అని అడిగితే ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఈలోపల అగళి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి మోటార్లు బాగుచేసే షాపు ఉంది. బుధవారం పిల్లను చూడ్డానికి వస్తామన్నారు, కానీ పిల్ల ఉద్యోగం మానెయ్యాలన్నారు. నాకూ అదే సబబనిపించింది. గృహప్రవేశం కాగానే నాగవేణిని వెంటబెట్టుకుని రావాలని నిశ్చయించుకున్నాను. మా ఆయన పోయినప్పటినుంచీ ఇంట్లో ఇలాంటి వాటికి చివరి మాట నాదే.

ఆరున్నరకు హిందూపురం చేరాం. రామాంజి ఎక్స్‌ప్రెస్‌కి పోదామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాసింజరు కూడా అదే పట్టాల మీద పోతుంది, టికెట్టు సగం కూడా కాదు. ఏడు దాటాక బండి కదిలింది. గౌరిబిదనూరులో కనకాంబరాల గంపతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతాండారు పెద్దమ్మా?"

"గృహప్రవేశానికి. వచ్చేటప్పుడు మా మనవరాల్ని తోడుకోని వస్తా. హోటల్లో పని చేస్తాది."

"ఏం పని, వంటా?"

నేను రామాంజి వైపు చూశాను. వాడు కిటికీలోంచి మాకళిదుర్గం కొండ చూస్తున్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్న కొండ అది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

పది గంటలకు యలహంకలో దిగాం. స్టేషన్ బయట ఒక తెల్లటి వ్యాను మాకోసమే నిలబడి ఉంది. అద్దాలు బిగించిన పెద్ద భవంతి ముందు దించింది. గుమ్మానికి మామిడాకు కూడా లేదు.

"తోరణం ఏదిరా?"

"గృహప్రవేశమూ లేదు ఏమీ లేదు మా. ఉత్తదే," అన్నాడు రామాంజి. పద్మ చప్పట్లు కొట్టింది. "సర్‌ప్రైజ్ అవ్వా! ఇది అక్క పని చేసే హోటలు!"

ఏడాది నిండిన పనివాళ్ళ కుటుంబానికి ఆ హోటలువాళ్ళు ఒక రాత్రి గది, భోజనాలు ఉచితంగా ఇస్తారట. నాగవేణి మా నలుగురి పేర్లూ రాయించి పెట్టింది.

"తల్లికే అబద్ధం చెప్తావా?"

"నిజం చెప్తే నువ్వు వస్తావా మా?"

వచ్చేదాన్ని కాదు.

గది బాగుంది. దుప్పట్లు చలువ చేసినవి. స్నానాల గదిలో మనిషి పడుకునేంత తొట్టి ఉంది కానీ చెంబు లేదు. పోయేవాళ్ళు ఒక చెంబు, తువ్వాలు పట్టుకుపోతే మంచిది. ఒంటి గంటకు కింద భోజనం పెట్టారు. ఎంత కావాలంటే అంత వడ్డించుకోవచ్చు. చాలామంది పళ్ళెం నింపుకుని సగం వదిలేశారు. మా పళ్ళేల్లో మెతుకు మిగల్లేదు.

రెండు గంటలకు నీళ్ళ హాలు తలుపు తీశారు. పైకప్పు కింద అంత నీరు ఉంటుందని నేను అనుకోలేదు. మా ఊరి సంత మైదానమంత గది. ఒక పక్క మోకాటి లోతు, ఇంకో పక్క నిలువు లోతు. గొట్టాల్లోంచి పిల్లలు జారి పడుతున్నారు. ఉండుండి గంట మోగుతుంది, కప్పు నుంచి వాన కురుస్తుంది. నా పక్కన తడిసి నిలబడ్డ ఒకామె, అనంతపురం నుంచి వచ్చిందట, నవ్వింది. "ఆడ వాన కోసరం మొగులు దిక్కు చూసి మెడలు పడిపోతాండాయి. ఈడ బటను నొక్కితే వాన! ఇదేం న్యాయమమ్మా?"

అప్పుడు చూశాను నాగవేణిని. లోతు నీళ్ళ పక్కన ఎత్తైన కుర్చీ మీద కూర్చుని ఉంది. ఎర్ర బనీను, మోకాళ్ళ దాకా నల్ల నిక్కరు, మెడలో ఈల. ఒళ్ళు మండింది నాకు.

"ఇదేనేమిరా హోటల్ పని?"

"ఇదే మా. ఎవురన్నా మునిగితే దూకి పైకి తీయల్ల. దీనికి పరీక్ష పెట్టినారు. ఆడపిల్లల్లో ఇదొక్కటే పాసయ్యింది."

"దీనికి ఈత యాడొచ్చె?"

"నువ్వు నేర్పిందే గదా మా!"

నిజమే. నాగవేణికి పదకొండేళ్ళప్పుడు వానలు బాగా పడి మా మెట్ల బావి నిండింది. ఊళ్ళో పిల్లలందరికీ ఆ ఏడు నేనే ఈత నేర్పాను. ఎండిన బెండ్లు నడుముకు కట్టి దింపేదాన్ని. నీళ్ళు అలవాటయ్యేకొద్దీ ఒక్కో బెండు విప్పేదాన్ని. నేను పై మెట్టు మీద చింత బరికె పట్టుకుని కూర్చునేదాన్ని. చెప్పకుండా దూకినవాడు ఎవరి కొడుకైనా సరే బయటికి రావలసిందే. సర్పంచి కొడుకు మీద కూడా ఆ బరికె పడింది. తర్వాత బావి ఎండిపోయింది. పద్మకు నీళ్ళంటే బిందెలో నీళ్ళే తెలుసు.

అంత నీటిని చూస్తూ గట్టున నిలబడలేకపోయాను. గోచి బిగించి, కొంగు నడుముకు చుట్టి, లోతు పక్కన దిగాను. ఎన్నేళ్ళయినా ఒళ్ళు మరిచిపోలేదు. చేతులు వాటంతట అవే సాగాయి. నాలుగు బారలు ఈదానో లేదో, చెవులు చిల్లులు పడేలా ఈల మోగింది.

"అమ్మా, హొరగె బన్ని! బయటికి రండి! చీరతో నీళ్ళలోకి దిగకూడదు!"

నాగవేణి కుర్చీ మీద లేచి నిలబడి ఉంది. అవ్వా అని పిలవలేదు. కన్నడం కలిపి, ఊరూ పేరూ తెలియనివాళ్ళకి చెప్పినట్టు మర్యాదగా, గట్టిగా చెప్పింది. హాలంతా మా వైపే చూసింది. సరోజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రామాంజి పరుగెత్తుకొచ్చాడు.

"వేణీ, అవ్వే, అవ్వ!"

"తెల్సు నాయనా. నువ్వు పక్కకు జరుగు, నాకు నీళ్ళు కనపడల్ల."

నిచ్చెన పట్టుకుని బయటికి వచ్చాను. చీరలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నాగవేణి తనతో పనిచేసే అబ్బాయిని కుర్చీలో కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది.

"చీర కాళ్ళకు చుట్టుకుంటాది అవ్వా. అడుగున నీళ్ళు లాగే జాలీ ఉండాది. కొంగు దాంట్లో చిక్కితే ఎంత ఈతొచ్చినా పైకి రాలేవు."

"నేనని తెలిసే ఈల వేసినావా?"

"బరికె పట్టుకున్నప్పుడు నువ్వు ఎవుర్ని చూసి వదిలినావు?"

అప్పటిదాకా నాకు ఎవరూ అలా ఎదురుచెప్పలేదు. కానీ నాకు కోపం రాలేదు. చింత బరికె పట్టుకున్న నన్ను, బెండ్లు కట్టుకుని మెట్ల మీద కూర్చున్న ఈ పిల్ల అన్నాళ్ళూ చూస్తూనే ఉందన్నమాట. తన పైఅధికారి చూస్తున్నాడని కాదు, నేను మెచ్చుకుంటాననీ కాదు, కొంగు జాలీలో చిక్కుతుందని ఈల వేసింది. నేను నేర్పింది ఈత ఒక్కటే అనుకున్నాను.

"బట్టలు యాడిస్తారు?" అన్నాను.

హాలు వాకిట్లోనే బాడుగకిస్తారు. పోయేవాళ్ళు డిపాజిట్ రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి, అడగందే డబ్బు తిరిగివ్వరు. పొడుగు చేతుల చొక్కా, చీలమండల దాకా ప్యాంటు తీసుకున్నాను. పెళ్ళైనప్పటినుంచీ చీర తప్ప వేరే బట్ట ఎరగను. అద్దంలో చూసుకోకుండా నేరుగా నాగవేణి కుర్చీ దగ్గరికి పోయి నిలబడ్డాను.

"ఇప్పుడు దిగొచ్చా?"

తల నుంచి కాళ్ళ దాకా చూసింది. "కొప్పులో పిన్నులు తీయల్ల."

తీసి రామాంజి చేతిలో పెట్టాను. వాడు పక్కకు తిరిగి నవ్వుకున్నాడు.

ఆ సాయంత్రం పద్మకు ఈత మొదలుపెట్టాను. బెండ్లు లేవు కాబట్టి పొట్ట కింద అరచెయ్యి పెట్టాను. అది కాళ్ళు ఆడిస్తుంటే ఒక్కో వేలూ తీస్తూ వచ్చాను. చివరి వేలు తీసిన సంగతి దానికి తెలియలేదు. "వదలద్దవ్వా, వదలద్దు!" అని అరుస్తూనే ముందుకు పోయింది. గంట మోగి మా మీద వాన కురిసింది. కుర్చీ మీద నాగవేణి నవ్వలేదు. చూపు నీళ్ళ మీదే ఉంది. పనిలో ఉన్నప్పుడు అలాగే ఉండాలి.

రాత్రి భోజనాల దగ్గర నాగవేణిని అడిగాను, ఇన్ని నీళ్ళు యాడనుంచి తెస్తారని. ఉన్న నీళ్ళనే వడగట్టి మళ్ళీ మళ్ళీ తిప్పుతారని చెప్పింది. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్ళు ఎనుముకు, అంట్లు కడిగినవి అరటిచెట్టుకు పోతాయి. వీళ్ళదీ కొంచెం తెలివైన సంసారమే అనుకున్నాను.

ఆదివారం పొద్దున తొమ్మిదికి బయలుదేరాం. గేటు దాకా వచ్చిన నాగవేణి తల వంచుకుని నిలబడింది.

"అవ్వా, అగళి వాళ్ళు వచ్చేది బుధవారం కదా. బట్టలు సర్దుకోమంటావా?"

నేను సంచిలోంచి ఆకూ వక్కా, రవికె గుడ్డ, చెనిక్కాయలు తీసి దాని చున్నీలో పోశాను. "గృహప్రవేశానికని తెచ్చినవి. వెనక్కి మోసుకుపోలేను. పో, డ్యూటీకి టైమయితాంది."

అది ఏడుస్తూ నవ్వింది. నేను వెనక్కి తిరగకుండా వ్యాను ఎక్కాను.

యలహంక స్టేషన్లో రామాంజి కిటికీ దగ్గర నిలబడి అడిగాడు, ఎన్ని టికెట్లమ్మా అని.

"నలుగురం వస్తిమి. నలుగురం పోతాం."

బండి కదిలాక వాడు మెల్లగా అన్నాడు. "అగళి వాళ్ళకేం చెప్పేది?"

"పిల్ల పని మానదని చెప్పు. దానికి ఒప్పుకుంటే రమ్మను. ఆ పిల్లోడు ఈత కూడా నేర్చుకోని వస్తే ఇంకా మంచిది."

"వాళ్ళకు మాత్రం నీళ్ళు యాడుండాయత్తా?" అంది సరోజ.

"బెంగుళూరికి రమ్మను. మన వేణి నేర్పిస్తాది. మాట వినకుంటే ఈల వేస్తాది."

పద్మ సీటు మీద బోర్లా పడుకుని గాలిలో ఈదుతోంది. మాకళిదుర్గం దాటాక రాగి రొట్టె మూట విప్పాం. పోయి రాదగిన చోటే. డబ్బు పెట్టి పోవడం నావల్ల కాదు కానీ, కుటుంబంలో ఎవరికైనా అక్కడ పని దొరికితే తప్పక పోండి.

గౌరిబిదనూరులో ఒక ముసలామె ఎక్కి నా పక్కన సర్దుకుని కూర్చుంది. యాడికి పోయి వస్తున్నారని అడిగింది. మనవరాలి దగ్గరికి అన్నాను. ఏం పని అని ఆమె అడగలేదు. హిందూపురం వచ్చేదాకా నేనే చెప్పాను.