టెంప్‌లో పెట్టిన స్కాన్లు

ఆ ఆసుపత్రిలో అందరూ ఆమెను సర్వరక్క అనేవారు. కొత్తగా చేరినవాళ్ళు అది విని కాఫీ పురమాయించేవారు. ఆమె చూసిన చూపుకి మళ్ళీ నోరెత్తేవారు కాదు. పద్నాలుగేళ్ళుగా కిటికీ లేని గదిలో కూర్చుని, రోగుల స్కాన్లు దాచే సర్వర్ అనే కంప్యూటర్‌ను కంటికి రెప్పలా కాచుకొస్తోంది.

అందులో సమస్తం రూట్ దగ్గరే మొదలవుతుంది. రాస్తే ఒక్క ఏటవాలు గీత, అంతే. డైరెక్టరీలనే అరలన్నీ దాని కిందివే. ఈటీసీలో మెషీన్ సెట్టింగులుంటాయి. హోమ్‌లో ఎవరి ఫైళ్ళు వారివి. రోజురోజుకీ పెరిగే స్కాన్లు, ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే లాగ్‌లు వార్‌లో చేరతాయి. టెంప్ మాత్రం చిత్తుకాగితాల బుట్ట. మెషీన్ ఆగి మళ్ళీ లేచిందంటే అందులో ఏమీ మిగలదు.

కొత్త మేనేజరుకి ఆమె మూడుసార్లు చెప్పింది. "వార్ నిండిపోతోంది సార్, కొత్త డిస్కు తెప్పించండి."

"చూద్దాంలేమ్మా" అన్నాడాయన.

ఆమె సెలవు పెట్టిన రోజున, టెంప్‌లో బోలెడు చోటుందని ఆ వారం స్కాన్లన్నీ తీసుకెళ్ళి అందులో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే కరెంటు పోయి, మెషీన్ ఆగి మళ్ళీ లేచింది. నలభై ఒక్కమంది స్కాన్లు తుడిచిపెట్టుకుపోయాయి. ఆదివారం ఆదివారం తీసే కాపీ వార్‌కే. చెత్తబుట్టకి కాపీ ఎవరు తీస్తారు?

మేనేజరు ఆమె గదికి వచ్చాడు. "సర్వర్ పాడైందని రిపోర్టు రాసెయ్యమ్మా. మెషీన్ అన్నాక..."

ఆమెకు ఒళ్ళు మండింది. "మెషీన్‌కి చేతుల్లేవు సార్! మోసుకెళ్ళి పెట్టింది మీరు." తెర ఆయనవైపు తిప్పింది. లాగ్‌లో ఆయన పేరు, గంట, నిమిషం ఉన్నాయి. "వాళ్ళలో స్కానింగ్ మెషీన్లో పడుకోడానికి భయపడి ఏడ్చిన ముసలమ్మ ఉంది. మళ్ళీ రమ్మని ఆవిడకి మీరే చెప్పండి!"

ఉన్నదున్నట్టు రాసిన రిపోర్టు పట్టుకుని నేరుగా డైరెక్టరు గదికి వెళ్ళింది.

"ఇంటిగుట్టు రచ్చకెక్కిస్తావా?" అన్నాడు డైరెక్టరు.

"గుట్టు మీది. ఒళ్ళు రోగులది."

ఆయన రిపోర్టు చివరిదాకా చదివాడు. ఆ నలభై ఒక్కమందికీ మేనేజరే ఫోన్ చేయాలన్నాడు. ఆమె పక్కనే కుర్చీ వేసుకు కూర్చుంది. మూడో ఫోన్‌లో మేనేజరు "మెషీన్‌లో చిన్న లోపం..." అని నసిగేసరికి రిసీవరు లాక్కుంది.

"కాదండీ, తప్పు మాదే."

మూడుసార్లు అడిగినా రాని కొత్త డిస్కు ఇప్పుడు మూడో రోజే వచ్చింది. దాన్ని బిగిస్తుంటే ఆమె కోపం తగ్గకపోగా రెట్టింపైంది.