సైడ్ వీల్‌కు పెట్టిన బొట్టు

పోయిన శుక్రవారం నా బండి చక్రం నన్నే ఓవర్‌టేక్ చేసి పోయింది. నవ్వకండి, చాయ్ తాగుతూ మొత్తం వినండి.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. అందుకే స్కూటర్‌కు వెనక రెండు పక్కలా సైడ్ వీల్స్ పెట్టించుకున్నా. ఇల్లు ఎల్బీ నగర్‌లో, నేను బ్లౌజులు కుట్టే షాపు దిల్‌సుఖ్‌నగర్‌లో. ఈ బండి రాకముందు మా ఆయనే దింపేవాడు, ఆయనే తీసుకొచ్చేవాడు. ఏనాడూ విసుక్కోలేదు. గేటు దగ్గర నిలబడి ఒకరి కోసం ఎదురుచూడటం నాకే నచ్చేది కాదు. అందుకే ఈ బండంటే ప్రాణం. ప్రతి శుక్రవారం పైపైన నీళ్లు చల్లి, చక్రాలకూ, వాటిని పట్టుకునే ఇనుప రాడ్ల జాయింట్లకూ పసుపు కుంకుమ దిట్టంగా పెడతా.

ఆ రోజు మా ఆయన తన బండి సర్వీసింగ్‌కు ఇచ్చాడు. "జర నన్ను గూడ దింపు" అన్నాడు. ఇన్నేళ్లకు ఆయన నా వెనక! మహారాణిలా బయల్దేరా. షాపు సందు మొదట్లో స్పీడ్ బ్రేకర్ దిగగానే టక్‌మని చప్పుడు. బండి ఎడమకు ఒరిగింది. ఎడమ సైడ్ వీల్ మాత్రం తాపీగా ముందుకు దొర్లి, పూలమ్మే ఆమె బుట్ట దగ్గర ఆగింది. మా ఆయన కాలు ఆన్చి పట్టుకున్నాడు కాబట్టి పడలేదు.

"నీ బరువుకే ఇరిగింది. పొట్ట తగ్గించుకోమంటే ఇన్నవా?" అని అరిచా. కోపం కాదు, భయం. రేపటి నుంచి మళ్లీ గేటు దగ్గర ఎదురుచూపులే అనిపించింది. ఆయన వెళ్లి చక్రం తెచ్చి, సైడ్ వీల్స్ బిగించిన మెకానిక్ చాచాకు ఫోన్ చేశాడు.

చాచా వచ్చి విరిగిన జాయింట్‌ను గుడ్డతో రుద్దాడు. పసుపు కుంకుమ పొరలు పొరలుగా ఊడింది.

"సార్ బరువు కాదు బేటీ. గుంతలల్ల దెబ్బలు తిని వెల్డింగ్ ఎప్పుడో పగిలింది. లోపలంత తుప్పే. గింత ఎర్రగ కారుతుంటే చూస్తలేవా?"

"పోయిన వారం కుంకుమ అనుకున్న చాచా."

"అనుకొని?"

"దాని మీద ఇంకో బొట్టు పెట్టిన."

మా ఆయన అటు తిరిగి నిలబడ్డాడు గానీ, భుజాలు కదులుతున్నాయి. పొట్ట గురించి అన్న మాట అక్కడే వెనక్కి తీసుకున్నా.

చాచా రెండు పక్కలా మందపాటి రాడ్లు వేసి, "బొట్టు పెట్టుడు గాదు, నెలకోసారి జాయింట్లు తుడిచి చూడు" అని చెప్పాడు. ఆ మూడు రోజులూ మా ఆయనే దింపాడు. ఇక నీకు బండి వద్దు అంటాడేమోనని నేను దాని ఊసే ఎత్తలేదు. బండి వచ్చిన పొద్దున, తన బండి వాకిట్లోనే ఉన్నా, ఆయన వచ్చి నా వెనక కూర్చున్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"భయమైతలేదా?" అని అడిగా.

"నువ్వు నడిపితే ఏం భయం? నువ్వు పూజ చేస్తెనే భయం" అన్నాడు.