టమాటా తోటలో మూడు రేడియోలు

ఎమ్.ఇ. చదివే రోజుల్లో పాలకోడు దగ్గర మా టమాటా తోటలో మూడు చిన్న రేడియోలు పెట్టాం, నేనూ అక్కా. ఆమె తోడబుట్టిన అక్క కాదు. తమిళనాడు ధర్మపురిలో మా కాలేజీలోనే నాకంటే ఏడాది సీనియర్, కారిమంగళం అమ్మాయి. ల్యాబ్‌లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే, అందుకే త్వరగా దగ్గరయ్యాం.

తోట మధ్యలో గుట్ట అడ్డం. అవతలి రేడియో మాట ఇవతలిదానికి అందదు. అందుకని గుట్ట మీద మూడోదాన్ని, ఇటు మాట అటు అందించే రిలేగా నిలబెట్టాం. మామూలుగా రెండు వైపులవీ వంతులేసుకుని మాట్లాడాలి. రెండింటినీ ఒకేసారి మాట్లాడనిద్దామన్నాను నేను. గాలిలో కలిసిపోయిన సంకేతాలను రిలే విడదీయనక్కర్లేదు, ఆ కలగలుపునే తిరిగి పంపితే చాలు. తాను పంపిందేదో ప్రతి రేడియోకూ తెలుసు కనుక, దాన్ని తీసేస్తే ఎదుటిది మిగులుతుంది. చెప్పడం సులువే. రెండు సంకేతాలూ రిలేకు ఒకే క్షణంలో చేరేలా సరిచేయడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది. అక్క తోడుగా వచ్చేది. మా అమ్మ సంగటి పెట్టి, "ఇది నా పెద్దకూతురు" అనేది.

ఒక మధ్యాహ్నం క్లాస్‌మేట్ ఫోన్‌కు వీడియో పంపింది. సేలంలో ఏదో సదస్సు. వేదిక మీద అక్క, తెర మీద మా గుట్ట. పరిశోధన పేపరు మీద అక్క పేరు, మా గైడ్ పేరు ఉన్నాయి. నాది లేదు.

గైడ్ గదికి పరుగెత్తాను. ఆయన తెల్లబోయారు. నాకు పెళ్లి కుదిరిందనీ, పని వదిలేశాననీ అక్క చెప్పిందట. మా ఇంట్లో పెళ్లి మాటే లేదు. అయినా ఆయన నన్నొక్క మాట అడగకుండా నమ్మేశారు.

మర్నాడు వరండాలో అక్కను నిలదీశాను. "యాల అక్కా ఇట్ల చేస్తివి?"

"పీహెచ్‌డీ సీటుకు ఆ పేపరు కావాల్సి ఉండె. నువ్వు ఇంకోటి రాసుకుంటావులే."

"అడిగి ఉంటే నేనే ఇచ్చేదాన్ని కదా!"

"ఇస్తావని తెలుసు. అప్పుడు అందరూ నువ్వు ఇచ్చినావనే అంటారు" అని, తమిళంలో ఎవరినో పలకరిస్తూ వెళ్లిపోయింది.

తర్వాత గైడ్ సదస్సు వాళ్లకు ఉత్తరం రాసి పేపరులో నా పేరు చివర చేర్పించారు. సంతోషం కలగలేదు. రేడియోలు పీకేయడానికి ఒక్కదాన్నే తోటకు పోయాను.

"పెద్దది రాలేదేమే?" అని అమ్మ అడిగింది.

"దానికి వేరే ఊర్లో పని దొరికిందిమా" అన్నాను.

"పోనీలే, బాగుండనీ" అంది అమ్మ.