గొట్టం కాజా, మలీద ముద్ద, ఒక్క నిమిషం రాక్షసుడు

ఆ ఆటను మా ఆఫీసుకు తెచ్చింది మా టీంలో కొత్తగా చేరిన అమ్మాయి. పాతబస్తీలో పుట్టి పెరిగిన పిల్ల. చేరిన నెలకే అంతస్తులో అందరినీ పేరు పెట్టి పలకరించేది. నేను అదే అంతస్తులో పదమూడేళ్లుగా ఉన్నా సగం మంది పేర్లు నాకు తెలియవు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. తప్పు కనబడితే రాసి పంపిస్తాను తప్ప నోరు తెరిచి చెప్పను. మీటింగుల్లో నా గొంతు విన్నవాళ్లు చాలా తక్కువ. బాచుపల్లి నుంచి రాయదుర్గం దాకా పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చిపోయే మనిషిని. మౌనం నాకు బాగా అలవాటు.

ఒక గురువారం మధ్యాహ్నం నా డబ్బా మూత తీయబోతుంటే ఆ అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని, ఆరో అంతస్తు చివర ఉన్న చిన్న మీటింగు గదికి తీసుకుపోయింది. ఆ గదిలో ఏసీ పనిచేయదు కాబట్టి దాని జోలికి ఎవరూ రారు. బల్ల మీద రెండు పాచికలు, నాలుగు పెన్సిళ్లు, కొన్ని తెల్లకాగితాలు, ఒక పుస్తకం పెట్టి ఆట చెప్పింది. మిఠాయిలకు ప్రాణం వస్తుంది. వాటి ఊరి మీద రాక్షసులు పడతారు. ఆడేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మిఠాయి అయిపోయి ఊరిని కాపాడుకోవాలి. ఒకరు మాత్రం కథ నడుపుతూ రాక్షసుడి తరఫున మాట్లాడతారు. కష్టమైన పని చేయాలంటే పాచికలు వేయాలి. ఎక్కువ పడితే పని అవుతుంది, తక్కువ పడితే మిఠాయి పగులుతుంది, లేదా కరుగుతుంది. గళ్లు లేవు, పావులు లేవు. అంతా నోటితో చెప్పుకోవడమే.

పుస్తకం విదేశీది. అందులో ఉన్న మిఠాయిల బొమ్మలు చూశాను కానీ వాటిలో నేను తిన్నది ఒక్కటీ లేదు. తిననిదాన్ని నేనెలా అవుతానని అడిగాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, పుస్తకం మూసి పక్కన పెట్టేసింది. తను ఎండు ఆప్రికాట్లతో చేసే ఖుబానీ కా మీఠా అయింది. మెత్తని పండు లోపల గట్టి గింజ ఉంటుంది కదా, ఆ గింజ తన ఆయుధం. నేను గరిజెను అయ్యాను. పైకి గట్టిగా, లోపల పొడిపొడిగా ఉండి, పగిలితే తప్ప లోపల ఏముందో తెలియని గరిజె నాకు సరిపోయిందనిపించింది.

మూడో మనిషి తనంతట తానే వచ్చింది. మా అంతస్తులో టీ పెట్టే ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. కోకాపేట ఆవిడ సొంతూరు. ఇప్పుడు ఆకాశాన్నంటే భవనాలున్న చోట జొన్న కోసిన చేతులివని తనే చెప్పేది. కప్పులు తీసుకుపోవడానికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడి మా ఆటంతా విన్నది. మేం పిలిచేలోపే కుర్చీ లాక్కుని కూర్చుని, తాను మలీద ముద్దనవుతానంది. రొట్టెలు మెత్తగా నలిపి, బెల్లం, నెయ్యి కలిపి కట్టే ముద్ద అది. మొదటి ఆటలోనే పాచికలు తక్కువ పడి ఆ ముద్ద చితికిపోయింది. ఇక నువ్వు చచ్చిపోయినట్టే పెద్దమ్మా అని ఆ అమ్మాయి జాలిగా చెప్పింది.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. "మలీద ముద్ద చితికితే ఏమైతది బిడ్డా? మల్ల ముద్ద జేస్తరు. సచ్చుడేంది?" అంది.

పుస్తకమంతా తిరగేసినా ఆ మాటకు జవాబు దొరకలేదు. ఆ రోజు నుంచి మలీద ముద్దకు చావు లేదని మా ఆటలో నియమం.

అలా ప్రతి గురువారం అరగంట. బెండకాయ పులుసు తింటూ రాక్షసులతో పోరాడేవాళ్లం. చీమల రాక్షసిని, ఆవిరి రాక్షసుణ్ణి, పళ్లు లేని ముసలి బకాసురుణ్ణి తరిమికొట్టాం. కొన్ని వారాలకు, కథ నడిపే పని అందరం వంతులవారీగా చేద్దామని ఆ అమ్మాయి అంది. నా వంతు వచ్చింది. రాక్షసుణ్ణి నేనే పుట్టించాలి.

రెండు రోజులు ఆలోచించాను. రాయడం మొదలుపెట్టాక మాత్రం పది నిమిషాల్లో అయిపోయింది. ఎందుకంటే ఎదురుగా మనిషి ఉన్నాడు. మా మేనేజరు.

ఆయన కాకినాడ వైపు మనిషి. యాభై దాటాయి. చెడ్డవాడు కాదు. ఎవరి మీదా అరిచి ఎరగరు. కానీ "ఒక్క నిమిషమండీ" అని ఆపితే రెండు గంటలు. బస్సు టైమైనా, ఆకలైనా, ఆ నిమిషం అయ్యేది కాదు. చెప్పిందే మళ్లీ చెప్పి, మూడోసారి బోర్డు మీద గీసి చూపించేవారు. నా రాక్షసుడి గురించి ఇలా రాశాను: పొడుగ్గా ఉంటాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని వాటికోసం ఊరంతా వెతుకుతాడు. పాకం నది మీది వంతెన అతని చోటు. "ఒక్క నిమిషం" అంటాడు. ఆ మాట విన్న మిఠాయి కదల్లేక నిలబడి, నిలబడి, ఎండిపోతుంది. చివర బలహీనత అన్న చోట ఏం రాయాలో తోచక, ఇంకా తెలియదు అని రాశాను.

ప్రింటరుకు పంపి, డబ్బా కడుక్కోవడానికి వెళ్లాను. నా జీవితంలో నేను చేసిన తెలివితక్కువ పనుల్లో దానిది పై వరస. తిరిగి వచ్చేసరికి ప్రింటరులో కాగితం లేదు. నా కుర్చీ పక్కన ఆయన నిలబడి ఉన్నారు. చేతిలో కాగితం ఉంది.

"ఇది మీదేనా అండి?"

తలూపాను. ఇంకోసారి చదవడానికి కాబోలు, కళ్లద్దాల కోసం చొక్కా జేబు తడుముకున్నారు. అక్కడ లేవు. బల్ల మీద చూశారు. ఆ తర్వాత చెయ్యి మెల్లగా నుదుటి మీదికి పోయింది. అవి అక్కడే ఉన్నాయి. నవ్వలేదు, కోప్పడలేదు. "నేను అలా అంటానా అండి, ఒక్క నిమిషమని?" అని మాత్రం అడిగారు. కాగితం నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టి వెళ్లిపోయారు.

ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఆయన చెయ్యి నుదుటి మీదికి పోయిన తీరు నన్ను ఎక్కువ బాధపెట్టింది. పెద్దమ్మ టీ తెచ్చి సంగతంతా విన్నది. కోపమే వస్తే సారు కాగితం చింపి పారేసేవాడనీ, చేతికిచ్చాడంటే మళ్లీ వస్తాడనీ, ఫికర్ చేయవద్దనీ చెప్పింది. నాకు నమ్మకం కలగలేదు. క్షమాపణ చెబుదామని వారంలో మూడుసార్లు ఆయన గది దాకా వెళ్లి, తలుపు మీది చెయ్యి తీసేసి వెనక్కి వచ్చాను.

మరుసటి గురువారం మేం ముగ్గురం కూర్చోగానే తలుపు తెరుచుకుంది. టిఫిన్ డబ్బాతో ఆయన. లోపలికి వచ్చి, బల్ల మీది పాచికలు చూసి, నా వైపు తిరిగారు.

"బలహీనత ఇంకా తెలియదు అని రాశారు. అది తేల్చకుండా ఆట ఎలా మొదలుపెడతారండీ?"

అచ్చం మీటింగులో అడిగినట్టే అడిగారు. ఆ తర్వాత, కొంచెం గొంతు తగ్గించి, తనకు చోటుందా అన్నారు. పాతబస్తీ పిల్లకు భయం తెలియదు. కావాలంటే ఆ రాక్షసుడిగా మీరే ఆడండి సార్ అనేసింది. నేను బల్ల కిందికి దూరిపోదామా అనుకున్నాను.

"రాక్షసుడి పని రోజూ చేస్తూనే ఉన్నాను కదండీ. ఇక్కడైనా ఇంకేదైనా ఇవ్వండి," అన్నారాయన.

పెద్దమ్మ అందరికంటే ముందు నవ్వింది. ఆమె నవ్వాక మేమూ నవ్వాం. నేను నవ్వుతూనే క్షమించమన్నాను. వినిపించిందో లేదో, ఆయన అప్పటికే కాగితం తీసుకుని పెన్సిల్ చెక్కుతున్నారు.

ఆయన గొట్టం కాజా అయ్యారు. ఆ మిఠాయి గుణాలు చెప్పమని ఆ అమ్మాయి అడిగితే, మామూలుగా మేం రెండు ముక్కల్లో చెప్పేది, ఆయన పది నిమిషాలు చెప్పారు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది, అప్పటి నుంచి తీపి ముట్టలేదట. కాజాను కొరకకూడదట, ముందు ఒక కొన మునిపళ్లతో చిన్నగా తుంచాలట. తల కొంచెం వెనక్కి వాల్చాలట, లేకపోతే పాకం చొక్కా మీద పడుతుందట. చిన్నప్పుడు చొక్కా మీద ఆ మరకతో బడికి పోతే చీమలు పట్టి మాస్టారు బయట నిలబెట్టారట. పది నిమిషాలూ ఒక్కరం కూడా గడియారం చూడలేదు. ఆ మనిషి మాటలు అంత ఇష్టంగా వినడం నాకు అదే మొదలు.

నా మిఠాయి గరిజె అని వినగానే మాత్రం, కజ్జికాయ అనండి అని సరిదిద్దారు. మా ఇంట్లో అది గరిజే, ఎప్పటికీ గరిజే అని నేను గట్టిగా అన్నాను. ఆయనతో నేను కాదని అన్న మొదటి మాట అదే.

వంతెన మీది యుద్ధం మూడు గురువారాలు సాగింది. ఖుబానీ గింజ విసిరితే పాచికలు తక్కువ పడి నదిలో పడింది. మలీద ముద్ద మూడుసార్లు చితికి మూడుసార్లు ముద్దయింది. కాజా గారు వంతెన పటం గీసి, బాణం గుర్తులు వేసి, చుట్టూ తిరిగి వెనక నుంచి పడదామన్నారు. పథకం వివరించడానికే ఒక గురువారం అయిపోయింది. రాక్షసుడు మాత్రం కదల్లేదు. నిజం చెప్పాలంటే అతణ్ణి ఎలా ఓడించాలో నాకూ తెలియదు.

మూడో గురువారం ఆయన పాచికలు పక్కకు నెట్టారు. కాజా వెళ్లి వంతెన మీద రాక్షసుడి పక్కన కూర్చుంటుందట. చెప్పమంటుందట. ఎంతసేపైనా వింటుందట.

ఇప్పుడు రాక్షసుడు మాట్లాడాలి. అంటే నేను మాట్లాడాలి. ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. పాకం నది మట్టం గురించి ఏదో అన్నాను. మళ్లీ అదే ఇంకోలా అన్నాను. ఆ తర్వాత చెప్పడానికేమీ లేక ఆగాను. ఆగినచోట నుంచి ఆ మాటలు ఎలా వచ్చాయో తెలియదు. "ఇంటికి పోతే తాళం నేనే తీసుకోవాలి. లోపల మాట్లాడే మనిషి లేదు. ఇక్కడైతే ఆగమంటే అందరూ ఆగుతారు," అన్నాను.

అనేశాక గుర్తొచ్చింది. ఆయన భార్య కాకినాడలో సర్కారు బడి టీచరు. పిల్లలు ఆమె దగ్గరే చదువుతున్నారు. ఆయన కోకాపేటలో ఇరవై మూడో అంతస్తులో ఒక్కరే ఉంటారు. ఒట్టు, నేనది తలుచుకుని అనలేదు.

ఆయన చేతిలోని పెన్సిల్ కేసి చూస్తూ అడిగారు. "తర్వాత?"

"తర్వాత ఏమీ లేదు సార్."

"అయితే నిమిషం అయిపోయినట్టే కదండీ," అన్నారు. కాజా లేచి నిలబడిందనీ, రాక్షసుణ్ణి కూడా లెమ్మందనీ చెప్పారు.

అప్పుడు పెద్దమ్మ అందుకుంది. "ఒక్కడే గా వంతెన మీద ఉంటె పిచ్చిలేస్తది. ఊళ్లెకు తోల్కరాండ్రి. గంత ఆపేటోడు మనకు పనికొస్తడు."

ఆ మాట అందరికీ నచ్చింది. రాక్షసుణ్ణి ఊరి కావలికి పెట్టాం. ఇక ఏ రాక్షసుడు మా మీదికి వచ్చినా ఇతను పొలిమేరలో ఎదురెళ్లి ఒక్క నిమిషం అంటాడు. వచ్చినవాడు అక్కడే నిలబడి ఎండిపోతాడు. కాజా గారు ఆ కావలి పనికి వేళలు కూడా రాసిచ్చారు, సోమవారం సెలవుతో సహా.

ఇంత జరిగాక మీటింగులు చిన్నవయ్యాయని చెబితే బాగుంటుంది కానీ, కాలేదు. ఇప్పటికీ రెండు గంటలే. ఒకటి మాత్రం మారింది. ముగించే ముందు ఆయన నా వైపు తిరిగి, మీరేమంటారండీ అని అడిగి, నిజంగానే ఆగుతారు. మొదటిసారి ఏమీ లేదన్నాను. రెండోసారి, మొన్న విడుదల చేసిన దాంట్లో ఒక తప్పుందని నోటితోనే చెప్పాను.

మొన్న శుక్రవారం పెద్దమ్మ పాచికలు రెండు రోజులకు ఇవ్వమని అడిగి కొంగున ముడివేసుకుపోయింది. సోమవారం ఉదయం టీతో పాటు సంగతులు తెచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వాళ్లుండే భవనంలో ఆడవాళ్లు తొమ్మిది మంది కూర్చున్నారట. సత్తుపిండి ఒకరు, బూరె ఒకరు, పాయసం కోసం ఇద్దరు పోట్లాడుకున్నారట. రాక్షసుడు వాళ్ల భవనంలోని లిఫ్టు. ఎప్పుడు చూసినా ఐదో అంతస్తులో నోరు తెరుచుకుని నిలబడి ఉంటుందట, కదలదట. పాచికలు తిరిగి ఇమ్మని ఆ అమ్మాయి చెయ్యి చాపింది. పెద్దమ్మ కొంగు తడుముకుని, ముడి విప్పకుండానే కప్పులు తీసుకుంది.

"గురువారం తెస్త బిడ్డా. మా ఆట ఇంక ఒడువలే, సగంలనే ఉన్నది."