రంగనాయకి కనురెప్పలు

1968వ సంవత్సరం. కోయంబత్తూరులో పోదనూరుకు పోయే దారిలో ఒక నూలు మిల్లు. అందులోని డిస్పెన్సరీలో నేను కంపౌండరుని. డిస్పెన్సరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక బల్ల, సీసాల అలమారా, వారానికోసారి వచ్చే డాక్టరమ్మ. మిగతా రోజుల్లో నేనే డాక్టరు. నేను దగ్గు మందు కలుపుతుంటే ఆ వాసనకే సగం మంది దగ్గు మానేసి పనిలోకి వెళ్ళిపోయేవారని చెప్పుకుంటూ ఉంటాను. అందులో అబద్ధం కొంతే. ఈ సంగతి మాత్రం జరిగింది జరిగినట్టే చెబుతున్నాను. చెప్పేది నేను కాబట్టి అక్కడక్కడ ఒక ఉప్పురాయి ఎక్కువ పడవచ్చు.

రంగనాయకి రీలింగ్‌లో పనిచేసేది. బాబిన్ల మీది నూలును తిరిగే చట్రం మీదికి ఎక్కించి చిలపలుగా, అంటే నూలు చుట్టలుగా, తీసే విభాగం అది. మా మిల్లులో అక్కడ అందరూ ఆడవాళ్ళే. తల్లి పాపమ్మకు కాళ్ళు పట్టేసి పని మానుకుంటే, అదే మిషను దగ్గర కూతురిని పెట్టుకున్నారు. ఇద్దరి పొయ్యీ ఆ కూలితోనే వెలిగేది.

ఆ అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు, చిన్నపిల్ల ముఖానికి ఎవరో ముసలమ్మ కళ్ళు తెచ్చి అతికించారనిపించింది. రెప్పల మీదా కళ్ళ కిందా చర్మం ఎండి, ముడతలు పడి, సన్నటి పొట్టు రాలుతోంది. నవ్వితే బీటలు వారుతోంది. కన్ను మాత్రం శుభ్రంగా ఉంది. ఎరుపు లేదు, పుసి లేదు. అదే నాకు వింతగా తోచింది.

దూది దుమ్ము అన్నాను ముందు. మరి అదే దుమ్ములో నిలబడే మిగతా ఆడవాళ్ళ రెప్పలు నున్నగా ఎందుకున్నాయి? కాటుక మాన్పించాను. సబ్బు మాన్పించాను. తలకు నూనె మాన్పించాను. ఇక అన్నం ఒక్కటే మిగిలిందని ఆమె రీలింగ్‌లో చెప్పి అందరినీ నవ్వించిందట. పెట్రోలియం జెల్లీ ఇస్తే రాత్రికి మెత్తబడేది, మరునాడు షిఫ్టు దిగేసరికి మళ్ళీ పొట్టు.

నవ్వులు ఎక్కువ రోజులు సాగలేదు. అది అంటురోగమని ఎవరో అన్నారు. తోటివాళ్ళు ఆమెను నీళ్ళకుండ దగ్గరికి రానివ్వడం మానేశారు. ఇక మేస్త్రి, అంటే ఆ విభాగంలో పని చేయించే పెద్ద, నెల రోజుల సెలవులో ఉన్న డాక్టరమ్మ మళ్ళీ వచ్చేలోగా తగ్గకపోతే ఆ మిషనుకు వేరే మనిషిని పెడతానని తేల్చేశాడు.

ఆ మధ్యలోనే రంగనాయకి తన అన్న కొడుకుకు తల వెంట్రుకలు తీయించడానికి పళని వెళ్ళి, కొన్నాళ్ళు ఉండి వచ్చింది. వచ్చిన రోజు చూస్తే రెప్పలు తమలపాకుల్లా ఉన్నాయి. మురుగన్ దయ అంది. ఆ దయ మిల్లు గేటు దాటి లోపలికి రాలేదు. రెండు మూడు షిఫ్టులకే మళ్ళీ మొదటికొచ్చింది.

డాక్టరమ్మ వచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. ఆవిడ రెప్పలను వేలితో నెమ్మదిగా లాగి చూసి, అంటు కాదని చెప్పింది. కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఏదో తగలడం వల్ల చర్మం పాడవడం, అయి ఉంటుందంది. ఒంట్లో అన్నిటికన్నా పలచని చర్మం రెప్పలది. చేతికి తెలియనిది రెప్పకు తెలుస్తుంది. వచ్చే వారం దాకా మేస్త్రిని తాను ఆపుతానని చెప్పి, నాకు ఒక పని అప్పగించింది.

"మిల్లులో ఆ అమ్మాయి చేతులు ఎక్కడెక్కడికి పోతున్నాయో చూసి రండి."

ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు తనిఖీ చేస్తున్నట్టు నటిస్తూ రీలింగ్‌లోకి వెళ్ళాను. షిఫ్టు మారే వేళ. ఒక మనిషి కిరసనాయిల్లో తడిపిన కాటన్ వేస్టుతో మిషన్లను తుడుచుకుంటూ పోతున్నాడు. ఆడవాళ్ళు వచ్చి, మిషనును ఒకసారి ముట్టి, చెయ్యి గుండెకు ఆనించుకుని పని మొదలుపెట్టారు. రంగనాయకి మాత్రం మిషను పక్కనున్న ఇనప కమ్మీని అరచేత్తో నిమిరి, ఆ చేతిని రెండు కళ్ళకూ గట్టిగా అద్దుకుంది. చిలపలు దించిన ప్రతిసారీ అదే. కిరసనాయిలూ, మిషనుకు వేసే స్పిండిల్ ఆయిలూ కలిసి భక్తిగా రెప్పలకు చేరుతున్నాయి.

ఆమెను పిలిచి కారణం చెప్పాను. ఊరికే చెబితే నాకు తృప్తి ఉండదు కదా, ఒక కథ కూడా జోడించాను. మదురైలో ఒక మిల్లులో మిషను ఒకామె కలలోకి వచ్చి, నాకు రోజూ నూనె అభిషేకం అవుతుంటే మైలచేత్తో ముడతావేమే, దూరం నుంచి దండం పెట్టు అని కోప్పడిందని చెప్పాను.

రంగనాయకి ఓపికగా విన్నది. "కథ బాగుండాది అన్నా. అయితే సామి అని నేను ముట్టేది లే. చిన్నప్పుడు అమ్మకు సాప్పాడు గిన్నె ఎత్తుకొని వస్తే చూసి ఉండాను. అమ్మ ఆడనే చెయ్యి పెట్టి కంటికి ఒత్తుకునేది. పని పోయినా పోనీ, నేను అది విడవను."

ఇక నా కథలు పనికిరావని అర్థమైంది. సాయంత్రం ఆమె వెంటే వాళ్ళింటికి వెళ్ళాను. పాపమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకొని కూర్చుని ఉంది. విషయమంతా చెప్పి, మీరు వద్దంటే వింటుంది, ఒక మాట చెప్పండని అడిగాను. పాపమ్మ కూతురి వంక చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నేను ఆ ఇనుముకు మొక్కినానా? దినమూ తిట్టినాను దాన్ని. కూర్చుంటే మేస్త్రి విడడు. కాళ్ళు నొచ్చితే ఆ కమ్మీ పట్టుకొని ఆనుకునేది. కంట్లో పంజు పడితే తుడుచుకునేది. అది మొక్కు అనుకొన్నావా, పైత్యకారీ?"

పంజు అంటే దూది నలుసు, పైత్యకారి అంటే పిచ్చిది. రంగనాయకి నవ్వలేదు. తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది.

"నొప్పని నాతో ఒక నాడన్నా చెప్పి ఉండొచ్చు కదమ్మా."

"చెప్పి ఉంటే మరునాడు నన్ను పంపి ఉందువా?"

ఆ తరువాత అక్కడ నాకు పని లేదు.

రంగనాయకి కళ్ళకద్దుకోవడం మానేసింది. ముఖం తాకే ముందు చేతులు కడుక్కుంది, రాత్రిళ్ళు జెల్లీ రాసుకుంది. డాక్టరమ్మ వచ్చేసరికి పొట్టు లేదు. ఆవిడే స్వయంగా రీలింగ్‌లోకి వెళ్ళి, అందరి ఎదుటా ఆ కుండలో నీళ్ళు ముంచి రంగనాయకికిచ్చి, ఆమె తాగాక తనూ తాగింది. మేస్త్రి వేరే మనిషిని పెట్టే మాట మానుకున్నాడు. ఆమె పని ఆమెకే నిలిచింది.

అప్పటినుంచి కళ్ళ చుట్టూ చర్మం ఎండిందని ఎవరు వచ్చినా కళ్ళకన్నా ముందు చేతుల సంగతి అడుగుతాను. చేతులు అలా ఎందుకు పోతున్నాయో కూడా అడుగుతాను. ఈ రెండోది డాక్టరమ్మ నేర్పలేదు, పాపమ్మ నేర్పింది.

కొన్ని నెలల తరువాత రీలింగ్ పక్కగా పోతుంటే, రంగనాయకి అదే కమ్మీ మీద చెయ్యి వేసి నిలబడి కనిపించింది. ఆగి చూశాను.

"ఒత్తుకోలే అన్నా," అంది. "కాలు నొస్తా ఉండాది."

మరునాడు డిస్పెన్సరీలోని ముక్కాలిపీట తీసుకెళ్ళి ఆమె మిషను పక్కన వేశాను. ఇదేమిటని మేస్త్రి అడిగాడు. ఎక్కువసేపు నిలబడితే నెత్తురంతా కాళ్ళలోకి దిగిపోయి రెప్పలు ఎండిపోతాయని, ఆ ఎండడం ముందు రీలింగ్‌లో మొదలై తరువాత మేస్త్రీలకు పాకుతుందని, మదురై మిల్లుల్లో ఇప్పటికే పీటలు వేశారని చెప్పాను. అతను రెప్పలు తడుముకుంటూ వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే ఇంకో నాలుగు పీటలు వచ్చాయి. రోగికి నిజమే చెప్పాలి. కథలు మేస్త్రీల కోసం దాచుకోవాలి.