నా బొమ్మకి 'ప్రశాంతి' అని పేరు పెట్టారు

ఇప్పుడెవరైనా నాకు కోపం ఎక్కువంటే నవ్వి ఊరుకుంటాను కానీ, ఆ రోజుల్లో, అంటే దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మధ్యన మెట్రో స్తంభాలు ఒక్కొక్కటే లేస్తూ, ట్రాఫిక్ అంతా సందుల్లోకి మళ్ళుతున్న కాలంలో, నాకు నిజంగానే కోపం ఎక్కువ. దాన్ని నేను ఆత్మగౌరవం అనుకునేదాన్ని. (ఇరవై మూడేళ్ల వయసులో రెండింటికీ పెద్ద తేడా కనిపించదు.) ఒక కోచింగ్ సెంటర్లో ఎంక్వయిరీ బల్ల దగ్గర ఉద్యోగం. వారమంతా పిల్లల తల్లిదండ్రులకు నవ్వుతూ జవాబులు చెప్పీ చెప్పీ దవడలు నొప్పెట్టి, ఆదివారం మధ్యాహ్నమైనా నవ్వక్కర్లేని పని ఒకటి చేద్దామని పెయింటింగ్ క్లాసులో చేరాను.

క్లాసు నడిపే సారుది భీమవరం వైపు. మెత్తని మనిషి. అన్నిటికీ తల ఊపుతూ, చివరికి తాననుకున్నదే చేసే రకం. ఒకరోజు ఆయన, "చిన్నప్పటి రోజు ఒకటి తలుచుకోండమ్మా. మనుషుల్నీ ఇళ్లనీ గీయొద్దు. ఆ రోజు లోపల ఎలా ఉందో, అది రంగుల్లో వేయండి చాలు" అన్నారు. మిగతావాళ్లు సీలింగు వంక చూస్తూ ఆలోచనలో పడ్డారు. నాకు ఆలోచించాల్సిన పనే లేదు. ఆ రోజు నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది.

నాకు ఐదేళ్లప్పుడు మేం దిల్‌సుఖ్‌నగర్లో కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఎల్బీనగర్ అవతలికి మారాం. సామాను ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తుంటే, మిద్దె మీద ఆరేసిన నా రిబ్బన్ గుర్తొచ్చి పైకెళ్లాను. దిగొచ్చేసరికి ఆటో లేదు. అమ్మ లేదు, డాడీ లేరు, సాయానికొచ్చిన మేనత్త లేదు. తలుపులు తీసి ఉన్న ఖాళీ ఇల్లు, అందులో నేను. ఇంటి ఓనరమ్మ పెరుగన్నం పెట్టి తన దగ్గర కూర్చోబెట్టుకుంది. పొద్దుగూకే వేళకు అమ్మ వచ్చి ఎత్తుకుపోయింది.

అంతవరకూ నాకు ఫిర్యాదు లేదు, మనుషులన్నాక మరిచిపోతారు. నా మంటంతా ఆ తర్వాత పుట్టిన కథ మీద. ఇంట్లో, చుట్టాల్లో, ఆఖరికి చర్చిలో కూడా ఆ సంగతి 'ఈ పిల్ల దాక్కుంది' అనే చెలామణీ అయింది. మిద్దె మీద ఎలా నక్కానో, తామంతా ఎంత పరేషాన్ అయ్యారో మేనత్త నటించి మరీ చూపించేది. అందరూ నవ్వేవాళ్లు. ఎవరో ఒకరు నా బుగ్గ గిల్లేవాళ్లు. నేను దాక్కోలేదు మొర్రో అంటే ఇంకాస్త నవ్వేవాళ్లు. అమ్మ మాత్రం నవ్వకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. నా తరఫున ఒక్క మాట అనదేమని ఆమె మీద అందరికంటే ఎక్కువ ఉడుక్కునేదాన్ని.

కాబట్టి ఆ బొమ్మని నేను గీయలేదు, దాని మీద పోట్లాడాను. కాన్వాసంతా వెలిసిన సున్నం రంగు. గుడ్డతో రుద్ది రుద్ది, ఎక్కడా చూపు ఆగడానికి ఆసరా లేకుండా చేశాను. కింద ఒక మూల చిన్న నారింజ చుక్క. అది నేను. సారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసి, "ఎంత ప్రశాంతంగా ఉందమ్మా" అన్నారు.

ఒళ్లు మండింది. అది ప్రశాంతం కాదు సార్, నన్ను ఇంట్లో మరిచిపోయి వెళ్లారని చెప్పాను. లోకం మరిచిపోయిన చోటే కదా ప్రశాంతి దొరికేదని ఆయన తల ఊపారు. 'మరిచిపోయారు' అని పేరు పెట్టమని అడిగితే, కళాకారులు తమ బొమ్మను వివరించకూడదట, బొమ్మే మాట్లాడాలట. (అది మాట్లాడలేకనే కదా నేను మాట్లాడుతున్నది.) మా క్లాసు బొమ్మలన్నిటితో సారు పెట్టిన ప్రదర్శన రోజున చూస్తే నా బొమ్మ కింద అట్టముక్క మీద గుండ్రటి అక్షరాల్లో 'ప్రశాంతి' అని ఉంది.

ప్రదర్శన ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో పెట్టారు. మావాళ్లు చర్చి నుంచి నేరుగా వచ్చారు. అమ్మ తెల్ల చీరలో, డాడీ ఇస్త్రీ చొక్కాలో, మేనత్త సెంటు వాసనతో. మేనత్త బొమ్మ దగ్గరికి వంగి, ఈ మూలకున్నది నిమ్మకాయనా అని అడిగింది. అది నేను, మీరు వదిలేసి పోయిన రోజు అన్నాను. ఇంకేముంది, ఆవిడ సారు వైపు తిరిగి, చుట్టూ ఉన్న నలుగురినీ కలుపుకుని, 'దాక్కున్న పిల్ల' కథ ఎత్తుకుంది.

"దాక్కుంటే ఎవలన్న దేవులాడాలె గద అత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎవలు దేవులాడిన్రు చెప్పు."

మేనత్త తడబడింది. "నేనెందుకు దేవులాడుత? నువ్వు మీ అమ్మతోని ట్రాలీల పోయినవనుకున్న."

"నేనేమో పిల్ల నీతోని బస్సుల ఒస్తదనుకున్న" అంది అమ్మ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాడీ పక్కనున్న ఎర్ర గీతల బొమ్మని, అందులో పోగొట్టుకున్న వస్తువేదో ఉన్నట్టు దీక్షగా చూడసాగారు. ఇది కూడా కార్యక్రమంలో భాగమేమో అని జనం దగ్గరికి జరిగారు.

అమ్మ నా వైపు తిరిగింది. "సామాను దింపినంక చూసుకున్న బిడ్డా. స్టవ్వు ఒచ్చింది, బియ్యం డబ్బ ఒచ్చింది, చీపురు గూడ ఒచ్చింది. నువ్వు రాలే. బస్సు కోసం గూడ ఆగకుంట ఉరికిన. చీపురు యాదికున్నది గని బిడ్డ యాదికి లేదని నలుగురికి ఎట్ల చెప్పాలె? దాక్కున్నదని చెప్పిన. మొదలు చెప్పింది నేనే, మీ అత్త కాదు."

ఈ రోజు కోసం నేను ఏళ్లుగా తయారు చేసుకున్న మాటలు బోలెడున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. అంత కోపం కూడబెట్టి, తీరా వాడుకోవలసిన చోట ఖాళీ చేతులతో నిలబడ్డం నాకు ఇంకో అవమానంలా తోచింది. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని బొమ్మ దగ్గరికి జరిగింది. బాగానే వేశానంది. కానీ తను వస్తున్నట్టు ఎక్కడా లేదని, ఈ పక్క నుంచి తనని కూడా వేయమంది.

పూర్తయిన బొమ్మని ముట్టుకోకూడదని సారు కంగారుగా అడ్డం వచ్చారు.

"నా బిడ్డ ఒక్కతే కూసున్నట్టు ఊరంత చూడాల్నా సారూ?" అంది అమ్మ, మెల్లగానే.

ఆయన పక్కకి జరిగారు. నేను నా సంచీలోంచి రంగూ బ్రష్షూ తెచ్చి, కుడి అంచు నుంచి ఏటవాలుగా ఒక ఎర్ర చార లాగాను. ఇంకా జల్దిగా ఉరుకుతున్నట్టు ఉండాలంది అమ్మ. ఇంకొంచెం గట్టిగా లాగాను. అందరి ముందు, తడి తడిగా. సారు అట్టముక్క ఊడదీసి జేబులో పెట్టుకున్నారు. తర్వాత కొన్ని వారాలు నాతో పొడిపొడిగానే మాట్లాడారు.

ఆ బొమ్మ ఇప్పుడు బడంగ్‌పేట్‌లో అమ్మావాళ్ల ముందుగదిలో ఉంది. ఇంటికొచ్చినవాళ్లకి అమ్మ ఎర్ర చార మీద వేలు పెట్టి తన పరుగు కథ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ఆ దూరం కాస్త సాగి, ఈమధ్య దాదాపు ఊరవతలి పెద్ద అంబర్‌పేట్ నుంచి మొదలవుతోంది. నేను దిద్దను. వింటూ, బొమ్మ భుజానేసుకుని సొంతవాళ్ల మీదికి యుద్ధానికి బయల్దేరిన ఆ ఎంక్వయిరీ బల్ల పిల్లని తలుచుకుంటాను. ఎదురుపడితే కూర్చోబెట్టి, నీ కోపం న్యాయమైనదే, ముందు టీ తాగు అని చెప్పాలనిపిస్తుంది. తాగదు, వాదిస్తుంది. వాదించనీ, పాపం.