అక్క ముఖానికి పోసిన కంచు

మా షెడ్డులో తయారయ్యే మనుషులందరూ పోయినవాళ్ళే. తెనాలిలో కాలవ అవతల, రేకుల కప్పు కింద, నాన్న మొదలుపెట్టి ఇప్పుడు అన్నయ్య నడుపుతున్న విగ్రహాల పని మాది. ఊళ్ళ నుంచి మనుషులు వస్తారు. చొక్కా జేబులోంచో ప్లాస్టిక్ కవరులోంచో ఒక ఫొటో తీసి, "మా నాన్నగారండి" అంటారు. అది ఓటరు కార్డు మీది ఫొటో అయినా, పెళ్ళిలో గుంపులోంచి కత్తిరించింది అయినా, అందులోంచే ముక్కూ గడ్డమూ చెవులూ తియ్యాలి. ముఖాలు నా పని. భుజాలు, పంచె మడతలు, చెయ్యెత్తి నిలబడటం అన్నయ్య పని.

నేను బడికి వెళ్ళింది రెండేళ్ళే. చిన్నప్పుడు కాలికి వచ్చిన జబ్బు వల్ల ఇంట్లోనే ఉండిపోయాను. అమ్మ పూజగదిలో స్తోత్రాల పుస్తకం ఒళ్ళో పెట్టి అక్షరాలు నేర్పింది. నాన్న పక్కన కూర్చోబెట్టుకుని మైనం నేర్పాడు. ఇద్దరినీ తలుచుకునే రోజూ పని మొదలుపెడతాను. నా చేతి కింద ఎన్నో ముఖాలు వెళ్ళాయి గానీ ఒక్కదాని మీదా నా పేరు లేదు. ఉండాలని కూడా నాకెప్పుడూ అనిపించలేదు.

అలాంటిది, బాపట్లలో కొందరు కలిసి శిల్పాల ప్రదర్శన పెడుతున్నారనీ, ఆడవాళ్ళు చేసిన పని కూడా ఒకటి కావాలనీ అన్నయ్యకు ఫోను వచ్చింది. అన్నయ్య ఫోను నా చేతికిచ్చాడు. "మీ సొంతంగా చేసింది ఏదైనా ఉందా అమ్మా?" అని అడిగారు. లేదనడానికి నోరు రాలేదు. "చేస్తానండి" అన్నాను. ఫోను పెట్టేసరికే మా అక్క ముఖం కళ్ళ ముందుంది.

అక్కది రేపల్లె. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. నన్ను చంక దించకుండా పెంచిన మనిషి. ఇన్నేళ్ళలో ఊపిరి తీస్తున్న ముఖాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని నేను ఒక్కసారి కూడా పని చెయ్యలేదు. ఒక్కటి అలా చెయ్యాలనిపించింది. ఆ మాట చెప్పగానే అన్నయ్య చేతిలో ఆకురాయి కింద పెట్టేశాడు.

"ఏంటే, బుద్ధుండే మాట్లాడుతున్నావా? బతికున్న మనిషికి కంచు పోస్తారా ఎవరన్నా?"

"లీడర్లు పోయించుకోవట్లేదా అన్నయ్యా?"

"వాళ్ళ సంగతి వేరే. వాళ్ళు ఉన్నా ఒకటే, పోయినా ఒకటేలే. ఇంటి మనిషికి అచ్చిరాదే."

మా వైపు అందరి నమ్మకమూ అదే. కంచు, రాయి పోయినవాళ్ళకి. ఉన్నవాళ్ళకి చేస్తే చావును పేరు పెట్టి పిలిచినట్టు. ఆ భయం నాకూ లేకపోలేదు. దేవుడి ముందు దీపం పెట్టి అడిగాను. ఏ జవాబూ తోచలేదు. వద్దనలేదు కదా అనుకున్నాను. మనసులో ఆశ ఉన్నప్పుడు ఆయన మౌనాన్ని మనకు కావలసినట్టే అర్థం చేసుకుంటాం.

అక్క మాత్రం ఫోనులో పడీ పడీ నవ్వింది. "నన్నా? ఈ బొద్దు ముఖాన్నా? చాలదే తల్లీ కంచు, తెనాలిలో బిందెలన్నీ కరిగించాల్సిందే!" తరవాత గొంతు తగ్గించి, "మీ బావకి మాత్రం చెప్పకే" అంది.

బావగారు బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ, భయం ఎక్కువ. అక్కకు షుగరు వచ్చినప్పటి నుంచి ఆవిడ తుమ్మినా లేచి నిలబడేవారు. అందుకని నేనూ అక్కా కలిసి ఒక అబద్ధం ఆడాం. అమ్మవారి విగ్రహానికి ముఖం చేస్తున్నాననీ, నమూనా కోసం అక్కను కూర్చోబెట్టుకుంటున్నాననీ చెప్పాం.

దసరా వెళ్ళాక పదకొండు రోజులు పొద్దున రైలుకి రేపల్లె వెళ్ళాను. మైనంలో గుగ్గిలం, కాస్త నూనె కలిపి కాచిన ముద్ద సంచిలో ఉండేది. ఎండెక్కితే మెత్తబడిపోతుంది కాబట్టి వెనక వసారాలో, గట్టి మట్టి ముద్ద మీద మైనం పరిచి పని చేసేదాన్ని. అక్క ఎదురుగా పీట మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తూనే ఉండేది.

"కదలకే అక్కా."

"ఏం చెయ్యమంటావే? నేను కదలకుండా ఉండేది నిద్రలోనే. నీ అమ్మవారికి గురక కూడా పెడతావా?"

నిజంగానే నాకు ఇబ్బందయింది. ఫొటో కదలదు. అక్క నవ్వబోయే ముందు ఎడమ వైపు పెదవి కొస ముందుగా పైకి లేచేది, తరవాత కన్ను, ఆ తరవాత నవ్వు. ఆ కొస లేచే క్షణం కోసం ఎన్నిసార్లు మైనం చెరిపేశానో. తొమ్మిదో రోజున దొరికింది. వేలి కొసతో చిన్న ఒత్తు ఒత్తాను, అంతే, అక్క మైనంలోంచి నన్ను చూసింది. చేతులు తుడుచుకుని దణ్ణం పెట్టుకున్నాను.

బావగారు మా మాట నమ్మారు. రోజూ స్నానం చేసి వచ్చి, ఆ మైనం ముఖం దగ్గర ఒక మందారం పెట్టి వెళ్ళేవారు. అక్క నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయేది. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తెనాలి తెచ్చాక అన్నయ్య ఇంకేం అనలేదు. మెడా భుజాలూ తనే చేసి కలిపాడు. మైనం పైన మెత్తటి ఒండ్రు మట్టి పలచగా, దాని మీద పేడా ఊకా కలిపిన మట్టి మందంగా మెత్తి, ఆరబెట్టి, మట్టి అచ్చును కాల్చాం. లోపలి మైనం కరిగి కింది రంధ్రంలోంచి కారిపోయింది. ఆ గంటలో అక్క ముఖం ఎక్కడా లేదు. మైనం పోయింది, కంచు ఇంకా రాలేదు. మధ్యలో ఉన్నదల్లా మట్టి లోపలి ఖాళీ. కొలిమికి కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, అన్నయ్య కంచు కరిగించే మూస వంచాడు. కరిగిన కంచు ఎర్రగా ఆ ఖాళీలోకి దిగింది. చల్లారాక మట్టి పగలగొడితే ఒక చెవి కొస తప్ప అంతా వచ్చింది. ఆ కొసను అన్నయ్య అతికాడు. పదిహేను రోజులు ఆకురాయితో, సన్న ఉలితో సాపు చేశాను. పెదవి కొస దగ్గర మాత్రం ఉలి తగలనివ్వలేదు. పీఠం మీద నా చేత్తోనే "మా అక్క" అని రాసి, కింద నా పేరు రాశాను.

బాపట్లకి ట్రాలీ ఆటోలో తీసుకెళ్ళాం. హాల్లో మాది కాక కొయ్య బొమ్మలు, ఇనప ముక్కలతో చేసిన పక్షులు ఉన్నాయి. కంచు మాదొక్కటే. రేపల్లె నుంచి అక్కా బావగారూ బస్సులో వచ్చారు. అక్క పెళ్ళికి వచ్చినట్టు ముస్తాబయింది. లోపలికి వస్తూ నా చెవిలో, "ఇక్కడ చూపిస్తే నలుగురి ముందు ఏమీ అనలేరులే" అంది.

నేను పేరు రాయించుకోవడానికి గుమ్మం పక్కనున్న బల్ల దగ్గరికి వెళ్ళాను. నాలుగైదు నిమిషాలు. ఆ కాసేపట్లో అక్కడ దండల పని చూసే ఒక పెద్దాయన దగ్గర అతిథుల దండల్లో ఒకటి మిగిలినట్టుంది. పీఠం మీద బొట్టు పెట్టుకున్న ఒక స్త్రీ కంచు విగ్రహం కనబడింది. ఆయన పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి చూసిన కంచు విగ్రహాలన్నీ ఎవరివి? ఆయన చేసింది తప్పని నేను ఎలా అనగలను? భక్తిగా ఆ దండ మా అక్క మెడలో వేసి, అరటిపండుకి రెండు అగరొత్తులు గుచ్చి ముందు పెట్టాడు. అప్పుడే వచ్చిన ముఖ్య అతిథి చెప్పులు విడిచి నిలబడి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టారు. ఆయన వెనకున్న పదిమందీ పెట్టారు. నేను కుంటుకుంటూ వచ్చేసరికి ఆయన కళ్ళు తెరిచి, పక్కనున్న మా అక్కనే అడుగుతున్నారు.

"మహాతల్లి. ఎప్పుడు పోయారండి?"

"ఇంకా పోలేదండి" అంది అక్క. "మీరిచ్చే టీ తాగి వెళ్దామని ఆగాను."

హాలంతా గొల్లున నవ్వింది. అతిథిగారు అక్కనీ కంచునీ మార్చి మార్చి చూసి, తల పట్టుకుని తనూ నవ్వారు. నవ్వనిది బావగారు ఒక్కరే. ఆయన పీఠం మీది అక్షరాలు చదివారు. దండ తీశారు. అగరొత్తులు వేళ్ళతో నలిపి ఆర్పారు. కాలిందో లేదో కూడా చూసుకోలేదు.

"అమ్మవారన్నావు కదమ్మా" అన్నారు నాతో. "నేను పూలు పెట్టాను కదమ్మా దానికి."

అక్క ఆయన చెయ్యి పట్టుకుని, "ఊరుకోండి, ఇప్పుడేమైంది?" అంటూ బయటికి తీసుకుపోయింది. ప్రదర్శన ఉన్న మూడు రోజులూ చాలామంది నా పని మెచ్చుకున్నారు. ఒకాయన అక్క పెదవి కొసను వేలితో చూపించి, "ఇక్కడ ఊపిరుందమ్మా" అన్నారు. ఆ మాటకు ఆయనకి చేతులెత్తి నమస్కరించాను. అయినా మనసు అక్కడ లేదు.

వారం తిరగకుండా అక్కకు జ్వరం. కాళ్ళు వాచాయి. కిడ్నీలు సరిగా పనిచెయ్యట్లేదని ఆసుపత్రిలో చేర్చారు. బావగారు ఫోను చెయ్యలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది. అక్కే చేసింది.

"మీ బావ అన్నం తినట్లేదే. ఒకటే మాట, అది ఉన్నన్నాళ్ళూ నేను దక్కనంట."

"నువ్వు కూడా నమ్ముతున్నావా అక్కా?"

"నా నమ్మకంతో ఏం పని? ఆ మనిషి నా మంచం పక్కన కూర్చుని కుళ్ళిపోతున్నాడు. కరిగించెయ్యవే. నీ కష్టమంతా పోతుందని తెలుసు. ఏమీ అనుకోకు తల్లీ."

ఎన్నేళ్ళకో ఒక్కసారి నా పేరుతో వచ్చిన పని అది. ఉంచితే ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేరు. ఒక పూటంతా దాని ఎదురుగా కూర్చున్నాను. మూడు నెలల ముందు అడిగినట్టే దేవుణ్ణి మళ్ళీ అడగబోయి ఆగాను. చెయ్యాల్సింది తెలిసినప్పుడు ఆయన్ని అడ్డం పెట్టుకోవడం మర్యాద కాదనిపించింది.

నిండు విగ్రహం మూసలో పట్టదు, ముక్కలు చెయ్యాలి. అన్నయ్య నా వల్ల కాదన్నాడు. గ్రైండర్ నేనే తీసుకున్నాను. వీపు వైపు నుంచి మొదలుపెట్టి భుజాలు, మెడ, తల వెనక భాగం కోశాను. ముఖం ఒక్కటీ పళ్ళెంలా మిగిలింది. దాన్ని కొయ్యలేదు. మూసలో పైన, నిలువుగా దించాను. కాసేపు అలాగే ఉండి, తరవాత ఒక పక్కకు ఒరిగి, మునిగిపోయింది. ఆ కంచు భట్టిప్రోలులో ఎవరి తాతగారి విగ్రహంలోకో వెళ్ళింది.

అక్క కోలుకుంది. ఇంటికొచ్చింది. బావగారు ఫోను చేసి, "చూశావా అమ్మా" అని ఏడ్చారు. ఆయన మళ్ళీ అన్నం తిన్నారు, అది చాలనుకున్నాను. నాలుగు నెలలు బాగానే ఉంది. ఎండలు ముదిరాక కాళ్ళు మళ్ళీ వాచాయి. ఈసారి ఆసుపత్రి నుంచి మనిషిగా తిరిగి రాలేదు. కరిగించినందుకు నిలవలేదు, చేసినందుకు పోలేదు. ఇది నాకు తెలుసు. తెలియడం వల్ల ఏ బరువూ తగ్గలేదు.

మాసికం పెట్టాక ఒక పొద్దున బావగారు షెడ్డుకి వచ్చారు. సంచిలోంచి కవరు తీసి, అందులోంచి ఒక ఫొటో తీశారు. పెన్షను కాగితాల కోసం ఇద్దరూ కలిసి తీయించుకున్నది, సగానికి కత్తిరించారు. అక్క భుజం పక్కన ఆయన చొక్కా అంచు ఇంకా కనబడుతోంది.

"మీ అక్కకి విగ్రహం పెట్టిద్దామనుకుంటున్నానమ్మా. ఇంట్లోనే, ముందు గదిలో."

అన్నయ్య నా వైపు చూసి ముఖం తిప్పుకున్నాడు. "అలాగేనండి బావగారూ" అన్నాను.

ఆయన రోజూ రేపల్లె నుంచి వచ్చి నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంటారు. నా చేతులకి ఫొటో అక్కర్లేదు. నిన్న నుదురు, బుగ్గలు అయ్యాక, నా వేలు తనంతట తనే వెళ్ళి ఎడమ పెదవి కొసను కొంచెం పైకి ఒత్తింది. బావగారు ముందుకు వంగి చూశారు. ఫొటో పెట్టి చూశారు.

"మూతి వంకర వచ్చినట్టుంది కదమ్మా? ఇందులో ఇలా లేదు, చూడు."

ఫొటోలో లేదు నిజమే. స్టూడియోవాడు కదలద్దని ఉంటాడు, అక్క బిగుసుకుని కూర్చుంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ కొస తెలియదా? తెలిసే ఉంటుంది. చూడలేకపోతున్నారేమో. వేలు నూనెలో ముంచి ఆ ఒత్తును చెరిపి, పెదవి సమంగా చేశాను. ఫొటోలో ఉన్నట్టే వచ్చింది. మా షెడ్డులోంచి వెళ్ళిన అందరిలాగే వచ్చింది.

"ఆఁ. ఇప్పుడు అచ్చం మీ అక్క" అన్నారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

"అవునండి" అన్నాను.

ఈ ముఖంతో ఆయన బతకగలరు. ఆ మాత్రం నా చేత చేయించినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. బావగారు రైలుకి టైమైందని లేచి చెప్పులు వేసుకున్నారు. నేను మైనం మీద తడిగుడ్డ కప్పాను.